ఏసీలో గ్యాస్ అయిపోదు, ఎక్కడో కారిపోతుంది

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది హనుమకొండ, వడ్డేపల్లి దగ్గర. కింది పోర్షన్ కిరాయికి ఇచ్చి పైన మేం ఉంటున్నాం. పది బై పన్నెండు బెడ్రూంలో టన్నున్నర ఏసీ పెట్టి తొమ్మిదేళ్లయింది. మూడేళ్లుగా ప్రతి ఎండాకాలం మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయిందని నింపుతున్నాడు. ఒకసారి 2,500 తీసుకున్నాడు, ఒకసారి 3,000. ఈసారి నింపి నెల తిరగకముందే చల్లదనం పోయింది. అవుట్‌డోర్‌లో ఫ్యాన్ తిరుగుతుంది, గుర్రుమని శబ్దం వచ్చి ఆగిపోతుంది. కంప్రెసర్ పోయింది, 14,000 అవుతుంది, లేదంటే కొత్తది కొనుక్కోండి అన్నాడు. పోయిన మే నెలలో 345 యూనిట్లు కాలి జీరో బిల్లు కూడా పోయింది. మా మామయ్యకు 74 ఏళ్లు, బీపీ ఉంది. ఆయన హాల్లో పాత ఇనుప కూలర్ ముందు పడుకుంటారు. దాన్ని ముట్టుకుంటే అప్పుడప్పుడు జిల్లుమంటుంది. గీజర్‌లో నీళ్లు కూడా ఎర్రగా వస్తున్నాయి. ఏది బాగు చేయించాలి, ఏది మార్చాలి? అన్నిటికీ ఒకేసారి పెట్టేంత డబ్బు లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఒక చెల్లె, హనుమకొండ

సమాధానం:

చెల్లె, ఏసీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఇనుప కూలర్ ప్లగ్ తీసేయండి. ఈ పూటే తీసేయండి. ఏసీ గురించి అంత వివరంగా రాసి, కూలర్ జిల్లుమంటుందన్న మాట ఒక్క వాక్యంలో దాటేశారు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

కూలర్ బాడీ ఇనుము, లోపల నీళ్లు, ఆ నీళ్లలో పంపు. పంపు వైరు పైపొర చిట్లినా, మోటారు వైండింగ్ (లోపల చుట్టిన తీగ) పాడైనా కరెంటు బాడీకి చేరుతుంది. ఎర్తింగ్ బాగుంటే అది భూమిలోకి పోతుంది. మీకు జిల్లుమంటుందంటే రెండు తప్పులు ఒకేసారి ఉన్నట్టు: కరెంటు లీకవుతోంది, ఎర్తింగ్ పనిచేయడం లేదు. చెప్పులేసుకుని పొడి చేత్తో తాకితే జిల్లుమని వదిలేస్తుంది. అదే తడి నేల మీద, ఉత్తకాళ్లతో, రాత్రి నీళ్లు పోయడానికి లేచిన మామయ్య పట్టుకుంటే వదలకపోవచ్చు. ప్రతి ఎండాకాలం జిల్లా పేజీల్లో కూలర్ షాక్‌తో పోయినవాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం. వాళ్లలో చాలామందికి ముందు జిల్లుమనే ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పనులు చెప్పండి. ఒకటి, కూలర్‌కు మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్ ఉండాలి. మూడో తీగ బాడీకి గట్టిగా బిగించి ఉండాలి. పాత కూలర్లకు రెండు తీగల వైరే వేసి వదిలేస్తారు. రెండోది, గోడలో ఉన్న సాకెట్‌కు ఎర్త్ నిజంగా వస్తోందో లేదో టెస్ట్ ల్యాంప్ పెట్టి చూపించమనండి. ఎర్త్ పిన్ను పెట్టే రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎండలకు నేల ఎండిపోతే ఎర్తింగ్ గుంత బలహీనపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దాంట్లో వారానికి రెండు మూడు బకెట్ల నీళ్లు పోయండి. మూడోది, మెయిన్ దగ్గర 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించండి. మీ ఇంట్లో ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు) ఉండే ఉంటాయి, కానీ అవి వైర్లు కాలిపోకుండా కాపాడతాయి. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటుకు ఎంసీబీ పడిపోదు, ఆర్‌సీసీబీ పడిపోతుంది. పనితో కలిపి మూడు వేలకు అటూ ఇటూ అవుతుంది. మీ దగ్గరున్న డబ్బులో మొదట ఖర్చు పెట్టాల్సింది దీనికే.

ఇక ఏసీ.

మీ ఇంట్లో ఫ్రిజ్ ఎన్నేళ్ల నుంచి ఉంది? దానికి ఎన్నిసార్లు గ్యాస్ నింపించారు? ఏసీ కూడా అలాంటిదే. కంప్రెసర్, రాగి గొట్టాలు, రెండు కాయిళ్లు, వాటిలో మూసేసిన గ్యాస్. అదే గ్యాస్ లోపల వేడిని పట్టుకుని బయట వదిలేసి మళ్లీ లోపలికి వస్తుంది. బండిలో పెట్రోలు మాదిరిగా కాలిపోదు, అరిగిపోదు. తక్కువైందంటే ఎక్కడో లీకేజీ ఉంది. లీకేజీ వెతక్కుండా గ్యాస్ నింపడమంటే చిల్లున్న కుండలో నీళ్లు పోయడమే. మూడేళ్లు మీరు కట్టిన డబ్బు అలా గాలిలో కలిసిపోయింది. ఇది మీ తప్పు కాదు. ఎండల్లో ఇంటిల్లిపాదీ ఉడికిపోతుంటే, ఆ పూటకు చల్లబడితే చాలనిపిస్తుంది. మెకానిక్‌కు కూడా ఆ నెలలో రోజుకు పది ఇళ్ల నుంచి ఫోన్లు.

మా ఇంట్లో కూడా ఇదే జరిగింది. నేను పని మీద వేరే ఊళ్లో ఉన్నప్పుడు మావాళ్లు వరుసగా రెండు ఎండాకాలాలు గ్యాస్ నింపించారు. మూడో ఏడు నేనే నైట్రోజన్ ఎక్కించి జాయింట్లకు సబ్బు నురగ రాశాను. ఇండోర్ వెనక గోడ రంధ్రం దగ్గర నట్టు నుంచి సన్నగా బుడగలు వచ్చాయి. రాగి గొట్టం చివర గంటలా విప్పి నట్టు బిగిస్తారు, దాన్ని ఫ్లేర్ అంటారు. అది సన్నగా పగిలింది. ఆ ముక్క కోసేసి, కొత్త ఫ్లేర్ చేసి బిగించాను. ఆరేళ్లుగా మళ్లీ గ్యాస్ అవసరం పడలేదు.

మెకానిక్ వచ్చినప్పుడు దగ్గరే నిలబడి చూడండి. గ్యాస్‌తో పాటు కొంచెం నూనె కూడా బయటికి వస్తుంది కాబట్టి లీకేజీ ఉన్నచోట జిడ్డు పట్టి, దాని మీద దుమ్ము నల్లగా అంటుకుంటుంది. అవుట్‌డోర్ పక్కనున్న రెండు వాల్వులు, ఇండోర్ వెనక నట్లు, గొట్టం వంపు తిరిగే చోట్లు టార్చి వేసి చూస్తే మీకే కనిపించవచ్చు. లీకేజీ బాగు చేశాక వాక్యూమ్ పంపు పెట్టి కనీసం అరగంట లోపలి గాలిని, తేమను లాగాలి. తర్వాత గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. అవుట్‌డోర్ మీదున్న ప్లేటులో ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చేత్తో గొట్టం పట్టుకుని ‘చల్లగా అయింది, చాలు’ అనే లెక్క పనికిరాదు. ఆర్-410ఏ అని ఉంటే అది రెండు గ్యాసుల మిశ్రమం, సగం కారిపోయిన దాంట్లో పైనుంచి కలపకుండా మొత్తం తీసేసి కొత్తగా నింపడమే మంచిది. ఆర్-22 అని ఉంటే అది పాతకాలపు గ్యాస్. ఓజోన్ పొరకు చెరుపు చేస్తుందని మన దేశంలో 2030 నాటికి దాన్ని ఆపేసే దిశగా తగ్గిస్తూ వస్తున్నారు. దాని మీద ఇప్పుడు ఎక్కువ ఖర్చు పెట్టొద్దు.

కంప్రెసర్ నిజంగా పోయిందా అన్నది వేరే ప్రశ్న. మీరు రాసిన లక్షణం చూస్తే నాకు అనుమానమే. అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోంది, కంప్రెసర్ గుర్రుమని ఆగిపోతోంది. తిరగడానికి ప్రయత్నిస్తోంది, తిరగలేకపోతోంది అన్నమాట. చాలాసార్లు దీనికి కారణం కెపాసిటర్. డబ్బా ఆకారంలో చిన్నగా ఉంటుంది. కంప్రెసర్‌కు మొదటి ఊపు ఇచ్చేది అదే. ఎండ వేడికి ఉబ్బి, బలం తగ్గిపోతుంది. దాని మీద 45 మైక్రోఫ్యారడ్ అని రాసి ఉంటే మీటరు పెట్టినప్పుడు 42కు తగ్గకూడదు. 30 చూపిస్తే అది పనికిరాదు. కొత్తది వెయ్యి రూపాయల లోపే వస్తుంది. మీరు మాత్రం మూత తీసి ముట్టుకోవద్దు. స్విచ్ ఆపేసినా దాంట్లో కరెంటు నిలవ ఉంటుంది.

వోల్టేజీ కూడా చూడాలి. ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి వీధిలో అందరి ఏసీలు నడుస్తుంటే కొన్నిచోట్ల వోల్టేజీ బాగా పడిపోతుంది. అప్పుడు మంచి కంప్రెసర్ కూడా మొరాయిస్తుంది. స్టెబిలైజర్ మీద అంకె ఆ టైంలో ఎంత చూపిస్తోందో రాసిపెట్టుకోండి. తరచూ 180 లోపు ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఒకటికి రెండుసార్లు చేయండి. వీధివాళ్లు నలుగురు కలిసి చేస్తే ఇంకా మంచిది.

కెపాసిటర్, వోల్టేజీ రెండూ బాగున్నాక కూడా తిరగకపోతే, కంప్రెసర్ మూడు టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి చూపించమనండి. వైండింగ్ తెగిపోయినా, బాడీకి కలిసిపోయినా అప్పుడు నిజంగానే పోయినట్టు. అదే జరిగితే ఆశ్చర్యం లేదు. లోపల తిరిగే గ్యాసే కంప్రెసర్ మోటారును చల్లబరుస్తుంది. మూడేళ్లు గ్యాస్ తక్కువతో నడిస్తే అది వేడెక్కి వేడెక్కి కాలిపోతుంది. వైండింగ్ కాలిపోయిన ఏసీలో లోపలి నూనె పులిసి, గొట్టాలన్నీ కడిగితే గానీ కొత్త కంప్రెసర్ నిలవదు. తొమ్మిదేళ్ల ఏసీకి 14,000 పెట్టి ఆ పని చేయించడం నాకు ఇష్టం లేదు. వేరే మెకానిక్‌ను పిలిపించి రెండో మాట వినండి. కెపాసిటర్, లీకేజీ అయితే బాగు చేయించండి. మూడు నాలుగు వేలు దాటకపోవచ్చు. కంప్రెసరే అయితే ఆ డబ్బు కొత్తదానికి దాచుకోండి.

కొత్తది కొన్నా మీ కష్టం తీరుతుందా? సగమే తీరుతుంది. మీ పైన ఇంకో అంతస్తు లేదు. మే నెలలో వరంగల్ ఎండ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ స్లాబ్‌ను కాలుస్తుంది. కాంక్రీటు ఆ వేడిని మింగి పొద్దుగూకాక లోపలికి వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగ్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. పెనం దించిన కాసేపటికి ఉన్నట్టు ఉంటుంది. మీ ఏసీ చల్లబరిచేది గదిలో గాలిని కాదు, ఆ స్లాబ్‌ను. పది బై పన్నెండు గదికి టన్నున్నర ఏసీ ఎక్కువే. అయినా చాలడం లేదంటే గ్యాస్‌తో పాటు స్లాబ్‌ది కూడా బాధ్యత ఉంది.

కాబట్టి ఏసీ కన్నా ముందు స్లాబ్‌కు తెల్లరంగు వేయించండి. ఫిబ్రవరి, మార్చిలో వేయిస్తే ఎండాకాలం మొత్తానికి పనికొస్తుంది, ఇప్పుడు వేయించినా వేసిన మర్నాటి నుంచే తేడా తెలుస్తుంది. ముందు పగుళ్లు పూడ్చి, నాచు గీకి, శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. డబ్బు తక్కువుంటే సున్నం చాలు. డిస్టెంపర్‌లో కలిపే జిగురు పెయింట్ షాపులో దొరుకుతుంది, దాన్ని సున్నంలో కలిపి, స్లాబ్ చల్లబడ్డాక సాయంత్రం పూట రెండు కోట్లు వేయాలి. వానలకు కొంత కొట్టుకుపోతుంది, కాబట్టి ఏటా వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్ ఖరీదెక్కువ, కానీ కొన్నేళ్లు నిలుస్తుంది. చేతిలో డబ్బున్నప్పుడు తెల్ల చైనా మొజాయిక్ (టైల్) ముక్కలు పరిపిస్తే ఇక చూసుకోనక్కర్లేదు. ఏది వేసినా దుమ్ము పడితే నలుపెక్కి పని తగ్గుతుంది. నెలకోసారి చీపురుతో కడగండి. మన తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేసింది, అంతకన్నా చిన్నవాళ్లకు ఇష్టాన్ని బట్టి. నా ఉద్దేశంలో దీని అవసరం ఎక్కువగా ఉన్నది చిన్న ఇళ్లవాళ్లకే. ఒక్క స్లాబ్ కిందే బతికేది వాళ్లు.

అవుట్‌డోర్ యూనిట్ ఆ స్లాబ్ మీదే ఎండలో ఉంటే మూడడుగుల ఎత్తున చిన్న రేకు నీడ వేయించండి. నాలుగు పక్కలా తెరిచే ఉండాలి. గోనె సంచులు కప్పినా, పెట్టెలా మూసినా అది వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. దాని వెనక రెక్కల్లో దుమ్ము కడిగించండి. జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల ఇళ్లలో పత్తి నూగు దుప్పటిలా పేరుకుని ఉండటం నేను చాలాసార్లు చూశాను. అక్కడ అది కడిగితేనే చల్లదనం తిరిగొచ్చిన ఇళ్లున్నాయి. లోపలి జాలీలు మాత్రం మీరే పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడుక్కోవచ్చు.

ఇప్పుడు జీరో బిల్లు లెక్క. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు ఉంటేనే సున్నా బిల్లు. 201 అయితే ఆ ఒక్క యూనిటుకు కాదు, మొత్తానికీ కట్టాలి. ఏసీ లేని నెలల్లో మీకు ఎన్ని యూనిట్లు వస్తున్నాయో పాత బిల్లుల్లో చూడండి. 120 అనుకుందాం. ఏసీకి 80 మిగులుతాయి, అంటే రాత్రికి రెండున్నర యూనిట్లు. మీ పాత ఏసీ రాత్రంతా నడిస్తే తొమ్మిది పది యూనిట్లు తాగుతుంది. గ్యాస్ తక్కువుంటే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. 345 అలాగే వచ్చాయి.

కొత్త ఏసీ కొనేటప్పుడు దాని మీదున్న స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. అది 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. టన్నున్నర ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీకి 780 అని ఉంటే గంటకు అర యూనిటు చొప్పున. మన మే నెల రాత్రులకు దానికన్నా కొంత ఎక్కువే కాలుతుంది. అయినా స్లాబ్ తెల్లబడి, 26 దగ్గర పెట్టి, సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పితే రాత్రి ఐదారు గంటలకు మూడు యూనిట్ల చుట్టుపక్కల సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ చెబుతుంది. లేబుల్ మీద ఏ ఏడాదిదో కూడా చూడండి. స్టార్ల కొలత అప్పుడప్పుడు కఠినం చేస్తారు, పాత స్టాకులో ఫైవ్ స్టార్ కొత్త లెక్కలో తక్కువ స్టార్లకు పడిపోవచ్చు. డిస్కౌంటులో అలాంటివే అంటగడతారు. రాగి కాయిలు అడిగి తీసుకోండి. ఇప్పటి వాటిలో ఎక్కువగా ఆర్-32 గ్యాస్ ఉంటుంది. దానికి కొంచెం మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి తెలిసిన మనిషితోనే బిగించాలి. బిగించే రోజు కూడా వాక్యూమ్ పంపు పెట్టించండి. కొత్త ఏసీలు పాడయ్యేది చాలావరకు బిగించిన రోజే.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. జీరో బిల్లు కోసం మామయ్యను వేడిలో ఉంచొద్దు. బయట 43, 44 ఉన్న రోజుల్లో ఫ్యాన్ గాలి వేడి గాలే. పెద్ద వయసులో దాహం సరిగ్గా తెలియదు. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీళ్లు తగ్గిస్తాయి. ఎండాకాలం మాత్రల మోతాదు గురించి డాక్టర్‌ను అడగండి. ఆయన్ను ఏసీ గదిలోనే పడుకోమనండి, ఆ రెండు నెలలు అందరూ అందులోనే సర్దుకోండి. తికమకగా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతూ చెమట పట్టకపోయినా ఏసీలు, కూలర్లు అని చూడకుండా 108కు ఫోన్ చేయండి.

పగటిపూట హాల్లోకి కూలర్ కావాలంటే ప్లాస్టిక్ బాడీది తీసుకోండి. దానికీ ఎర్తింగ్ కావాలి, నీళ్లు పోసేముందు ప్లగ్ తీయాలి. కూలర్ పనిచేసేది గాలి పొడిగా ఉన్నప్పుడే. మనకు రోహిణి కార్తె దాకా బ్రహ్మాండంగా చల్లబరుస్తుంది. మృగశిరలో నాలుగు వానలు పడ్డాయంటే జిగట మొదలు, అప్పుడు పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్‌గా వాడుకోండి. కిటికీకి ఆనించి బయటి గాలి తీసుకునేలా పెట్టి, ఎదురు కిటికీ కొంచెం తెరవాలి. తలుపులన్నీ మూసి కూలర్ పెడితే ఉక్కపోస్తుంది. బోరు నీళ్లకు గడ్డి మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఏటా గడ్డి మార్చండి. వారానికోసారి నీళ్లు పూర్తిగా వంపి, తొట్టి గీకి, ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీళ్లలోనే.

గీజర్‌కు తొందర లేదు, కానీ వదిలేయొద్దు. ఎర్రనీళ్లంటే ట్యాంకు లోపల తుప్పు. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు అది తినబడుతూ కాపాడుతుంది. బోరు నీళ్లకు అది రెండు మూడేళ్లలో అయిపోతుంది. వానాకాలంలో మెకానిక్‌లకు పని తక్కువ, అప్పుడు పిలిచి కడ్డీ మార్పించి, హీటింగ్ ఎలిమెంట్ మీద సున్నపు పెచ్చు గీకించి, సేఫ్టీ వాల్వ్ పనిచేస్తుందో చూపించుకోండి. కడ్డీ మార్చాక కూడా ఎర్రగానే వస్తే ట్యాంకుకే చిల్లులు పడబోతున్నాయి, కొత్తది కొనాల్సిందే. అందాకా చలికి బకెట్‌లో హీటర్ రాడ్ పెట్టుకుంటామంటే, ఆర్‌సీసీబీ పెట్టించాకే పెట్టండి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఆ తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టమని ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చెప్పండి.